ఫైర్ సూట్ వాడకం, సంరక్షణ: రాయలసీమ ఎండల్లో పనిచేసే అగ్నిమాపక, సహాయక సిబ్బందికి సమగ్ర మార్గదర్శి

మన సీమలో మిద్దె మీద ఎండబెట్టని వస్తువంటూ ఉండదు. శెనక్కాయలు, మిరపకాయలు, వడియాలు, వానకు నానిన పరుపులు అన్నీ ఆ ఎండకే వెళతాయి. అదే అలవాటు చొప్పున ఫైర్ కాల్ నుంచి తిరిగొచ్చిన సిబ్బంది తడిసి బరువెక్కిన కోటును స్టేషన్ పిట్టగోడ మీద పరిచి, సాయంత్రానికి చక్కగా ఆరిపోయిందని సంతోషిస్తారు. మొదటి రెండేళ్లు నేనూ అదే పని చేశాను. రంగు వెలిసి, భుజాల దగ్గర గోటితో గీకితే పీచు లేచే స్థితికి వచ్చాక గానీ, ఆ కోటును తిన్నది మంట కాదనీ మన ఎండేననీ నాకు తెలిసిరాలేదు. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లోని అగ్నిమాపక సిబ్బంది, హోంగార్డులు, విపత్తు సహాయక బృందాలు, సిమెంటు ఫ్యాక్టరీల, జిన్నింగ్ మిల్లుల ఫైర్ సిబ్బంది తమ రక్షణ దుస్తులను తొడగడం మొదలు తీసిపారేయడం వరకు పాటించవలసిన పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: మీ చేతిలో ఉన్నదేమిటో తెలుసుకోవడం

భవనాల్లో మంటలు ఆర్పేందుకు ఇచ్చే కోటు, ప్యాంటు చూడటానికి ఒకే దుస్తుగా కనిపించినా లోపల మూడు పొరలుంటాయి. పైపొర నోమెక్స్, కెవ్లార్ వంటి అరామిడ్ (మంటను తట్టుకునే కృత్రిమ పీచు) నూలుతో నేసినది. ఇది కరగదు, మంట తొలగిన తరువాత తనంతట తాను కాలుతూ ఉండదు, చాలా ఎక్కువ వేడికి మాత్రం బొగ్గవుతుంది. మధ్యపొర బయటి నీటిని లోపలికి రానివ్వకుండా, లోపలి చెమట ఆవిరిని కొంతమేర బయటికి పోనిచ్చే సన్నని పటలం. లోపలిపొర మెత్తని దూది పరుపులాంటిది, దానిలో చిక్కుకున్న గాలే వేడిని ఆపుతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగిలిన రెండు ఆ పని చేయలేవు. ఎండాకాలంలో ఉక్కపోస్తోందని లోపలిపొరను బొత్తాలు విప్పి అల్మారాలో పెట్టేసి, పైపొర ఒక్కటే తొడుక్కుని వెళ్లే వారిని చూశాను. అది వేసుకున్నవారికి ఫైర్ కోటు వేసుకున్నామనే ధైర్యం ఉంటుంది గానీ, ఆ ధైర్యానికి ఆధారం ఉండదు.

కోటు లోపలివైపు కుట్టిన లేబుల్‌ను ఒకసారి నింపాదిగా చదవండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 16890, యూరపు ప్రమాణం ఈఎన్ 469, అమెరికా అగ్నిరక్షణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ వారి ప్రమాణం 1971 (ఇప్పుడది ఎన్‌ఎఫ్‌పీఏ 1970లో కలిసింది) వీటిలో ఏదో ఒకటి దాని మీద ఉండాలి. తయారైన నెల, సంవత్సరం, ఉతికే విధానం కూడా అక్కడే ఉంటాయి. ఈ మార్గదర్శిలోని మాటకూ లేబుల్ మీది మాటకూ తేడా వస్తే లేబుల్‌నే పాటించాలి. లేబుల్ చెరిగిపోకముందే ఫోనులో ఫోటో తీసిపెట్టుకోవడం మంచిది.

వెండిలా మెరిసే అల్యూమినియం పూత సూటు వేరే జాతి. పెట్రోలు, గ్యాస్ ట్యాంకుల మంటల్లో దూరం నుంచి కొట్టే సెగను అద్దంలా వెనక్కి పంపడమే దాని పని. పూత గీసుకుపోయిన చోట, మడతపడి పగిలిన చోట అది మామూలు బట్టతో సమానం. కాబట్టి దాన్ని మడతపెట్టకూడదు, బ్రష్‌తో రుద్దకూడదు, తడిగుడ్డతో మెత్తగా తుడిచి కొక్కేనికి వేలాడదీయాలి.

రెండో మెట్టు: డ్యూటీ ఎక్కగానే తనిఖీ

బండిలో నీరు, డీజిలు చూసుకునే వేళలోనే కోటునూ చూసుకోవాలి. ఇందుకు అయిదు నిమిషాలు చాలు. జిప్పు పైదాకా వస్తోందా, మెడ పట్టీ అంటుకుంటోందా, మోకాళ్ల దగ్గర, చంకల్లో కుట్లు విడిపోయాయా, మెరిసే పట్టీలు రాత్రిపూట టార్చి వెలుగు పడితే ఇంకా మెరుస్తున్నాయా అన్నవి చూడండి. మన ప్రాంతంలో ఎక్కువగా వచ్చే కాల్స్ గడ్డివాములవి. వామిని కొంకులతో లాగి ఆర్పేటప్పుడు వరిగడ్డి తునకలు, శెనగ పొట్టు వెల్క్రో పళ్ల మధ్య ఇరుక్కుంటాయి. అలా రెండు మూడు కాల్స్ అయ్యేసరికి మెడ పట్టీ అంటుకున్నట్టే ఉండి, తల తిప్పగానే ఊడిపోతుంది. పాత టూత్‌బ్రష్‌తో గానీ దువ్వెన పళ్లతో గానీ ఆ చెత్తను లాగేస్తే పట్టీ మళ్లీ కొత్తదానిలా పట్టుకుంటుంది. ఇంత చిన్న పని వల్ల మెడ కాలకుండా ఉంటుందంటే నవ్వొచ్చు, కానీ మెడ, చెవులు, మణికట్టు అనే మూడు చోట్లే కాలిన గాయాలకు సులువుగా దొరుకుతాయి.

మూడో మెట్టు: తొడిగే వరుస

కోటు కింద ఏం వేసుకున్నారన్నది కోటంత ముఖ్యం. పాలియెస్టర్ సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. క్రికెట్ జెర్సీలు, జిమ్ టీషర్టులు, నైలాన్ సాక్సులు కరిగి చర్మానికి అంటుకుంటే ఆసుపత్రిలో వాటిని చర్మంతో పాటే తీయవలసి వస్తుంది. పాలియెస్టర్ ఎక్కువగా కలిసిన టెరికాటన్ ఖాకీని కూడా నేను నమ్మను. లోపల పొడి నూలు బనియను, నూలు సాక్సులు ఉత్తమం. ఉంగరం, గొలుసు, కడియం, వాచీ తీసి లాకర్‌లో పెట్టాలి. మొలతాడు విషయంలో పెద్దలకు పట్టింపు ఉంటుంది కాబట్టి దాన్ని తీయమని చెప్పను, కానీ నైలాన్ దారానికి బదులు నూలు దారం కట్టుకోమని మాత్రం కుర్రవాళ్లందరికీ చెబుతుంటాను.

ఆపై వరుస ఇది. ముందు ప్యాంటు, బూట్లు కలిపి తొడిగి, ప్యాంటు అంచు బూటు వెలుపలికి ఉండేలా చూడాలి, లోపలికి దోపితే నిప్పుకణికలు, వేడినీళ్లు నేరుగా పాదాల మీదికి జారుతాయి. తరువాత తలకు తొడిగే హుడ్‌ను మెడలోకి దించుకుని, కోటు వేసి, జిప్పు, దాని మీది పట్టీ, మెడ పట్టీ పూర్తిగా బిగించాలి. బీఏ సెట్ (పొగలో ఊపిరి పీల్చుకునేందుకు వాడే గాలి సిలిండరు, మాస్కు) వీపుకెత్తుకుని, మాస్కు పెట్టుకుని, చర్మం ఏమాత్రం కనబడకుండా హుడ్‌ను మాస్కు అంచు మీదికి లాగి, అప్పుడు హెల్మెట్ పెట్టి గడ్డం పట్టీ బిగించాలి. చేతి తొడుగులు చివర. గడ్డం పెంచిన వారికి మాస్కు అంచు చర్మానికి ఆనదు కాబట్టి, పొగలోకి వెళ్లే డ్యూటీలో ఉన్నంతకాలం నున్నగా గీసుకోక తప్పదు. చివరగా ఒకరినొకరు చుట్టూ తిరిగి చూసుకోవాలి. అద్దంలో కనబడని వెనుక మెడను పక్కనున్నవాడే చూడగలడు.

నాలుగో మెట్టు: మంట దగ్గర ప్రవర్తన

పల్లెల్లో మంటలోకి దూకే ముందు తడి గోనెసంచి కప్పుకునే అలవాటుంది. ఆ జ్ఞాపకంతోనే కాబోలు, కొందరు సిబ్బంది లోపలికి వెళ్లబోతూ తమ మీద నీళ్లు కొట్టించుకుంటారు. ఫైర్ సూట్ విషయంలో ఇది ప్రమాదకరం. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. లోపలిపొరలోని గాలి స్థానంలో నీరు చేరితే అక్కడ రక్షణ తగ్గిపోవడమే కాక, ఆ నీరు వేడెక్కి ఆవిరై చర్మాన్ని ఉడికిస్తుంది. పైబట్ట మీద మచ్చ కూడా పడదు, లోపల మాత్రం బొబ్బలుంటాయి. చెమటతో తడిసిన కోటును ఆరకుండానే రెండో కాల్‌కు తొడుక్కున్నప్పుడు జరిగేదీ ఇదే.

ఇంకొకటి, గుడ్డ నొక్కుకుపోయిన చోట గాలి ఉండదు. మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు, బీఏ సెట్ పట్టీల కింద భుజాల దగ్గర కాలే అవకాశం ఎక్కువ. బయటికి వచ్చిన తరువాత కూడా కోటు తనలో దాచుకున్న వేడిని కొంతసేపు లోపలికి పంపుతూనే ఉంటుంది. అందుకని వెంటనే గోడకు ఆనుకుని కూలబడకూడదు, భలే చేశావని వచ్చినవాడి వీపు తట్టకూడదు. తట్టిన అరచేయి ఆకారంలోనే వీపు ఎర్రబడటం నేను కళ్లారా చూశాను.

ఇక మన ప్రాంతంలో మంటకంటే ముందుగా మనిషిని పడగొట్టేది ఒంట్లో వేడి. మే నెలలో కర్నూలులోనో అనంతపురంలోనో నీడపట్టునే 43, 44 డిగ్రీలున్నప్పుడు, బీఏ సెట్‌తో కలిపి 20 కిలోలకు పైబడిన బరువును ఒంటికి చుట్టుకుని పనిచేస్తే చెమట ఆవిరయ్యే దారే ఉండదు. అమెరికా ప్రమాణాల ప్రకారం 30 నిమిషాల సిలిండర్లు రెండు వాడిన తరువాత, లేదా 45, 60 నిమిషాల సిలిండరు ఒకటి వాడిన తరువాత, లేదా సిలిండరు లేకుండా 40 నిమిషాలు కఠినంగా శ్రమించిన తరువాత కనీసం 20 నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలి. మన ఎండాకాలానికి అంతసేపు కూడా ఆగకుండా ముందే పిలిపించడం నయమని నా అభిప్రాయం. విశ్రాంతి అంటే కోటు తెరిచి, హుడ్, చేతి తొడుగులు తీసి, ప్యాంటును బూట్ల మీదికి దించి నీడలో కూర్చోవడం. ముంజేతులను మోచేతుల దాకా చల్లని నీళ్ల బకెట్లో ముంచి ఉంచితే ఒంటి వేడి త్వరగా దిగుతుంది, దీనికి ఖర్చేమీ లేదు. ఉప్పేసిన పలుచని మజ్జిగ, ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా తాగాలి. మాట తడబడినా, చెప్పింది అర్థం కాకపోయినా, తూలినా అది వడదెబ్బే అనుకుని సూటు మొత్తం విప్పేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ, 108కి ఫోన్ చేయాలి.

అయిదో మెట్టు: విప్పకముందే కడగడం

మసిపట్టిన కోటు, నల్లబడిన హెల్మెట్ అనుభవానికి గుర్తులని చాలాకాలం మా వాళ్లు గర్వపడేవారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, అగ్నిమాపక వృత్తిని మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని రూఢి అయిన మొదటి వర్గంలో చేర్చింది. ఆ మసిలో ఉన్నది ఇల్లు కాలిన బూడిద ఒక్కటే కాదు, ప్లాస్టిక్, ఫోమ్, వైర్లు, టైర్లు కాలగా పుట్టిన విషపదార్థాలు. ఆదోనిలాంటి చోట పత్తి బేళ్లు లోలోపల రోజంతా రాజుకుంటుంటే, మంట కనబడటం లేదు కదా అని మాస్కు తీసేసి, కోటు భుజాన వేసుకుని బేళ్లు కదిపే వారికి ఈ మసి నేరుగా ముక్కులోకి, మెడ చర్మంలోకి వెళుతుంది.

మంట ఆరగానే, మాస్కు తీయకుండానే, ఇద్దరిద్దరుగా నిలబడి ఈ పని చేసుకోవాలి. పొడి బ్రష్‌తో పైనుంచి కిందికి దులపాలి, సన్నని నీటి ధారతో తడపాలి, బకెట్లో కలిపిన సబ్బునీటితో హెల్మెట్, భుజాలు, చేతులు, మోకాళ్లు, బూట్లు మెత్తని బ్రష్‌తో రుద్దాలి, మళ్లీ నీటితో కడగాలి. ఇలినాయిస్‌లో అమెరికా పరిశోధకులు కొలిచి చూసినప్పుడు పొడి బ్రష్ ఒక్కటే అయితే బట్ట పైనున్న పాలీ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లలో (మసిలోని విషపదార్థాల్లో ఒక రకం) సుమారు 23 శాతం, సబ్బునీటితో అయితే సుమారు 85 శాతం పోయాయి. ఒక బకెట్, ఒక బ్రష్, గిన్నెలు తోమే ద్రవం సీసా బండిలో ఎప్పుడూ ఉంటే ఇది రెండు నిమిషాల పని. ఇలా కడిగిన కోటు తడిసి ఉంటుంది కాబట్టి, ఆరేవరకు దాన్ని మళ్లీ మంటలోకి తొడగకూడదు.

తరువాత హుడ్, తొడుగులు విప్పి, మెడ, ముఖం, చేతులు తడిగుడ్డతో తుడుచుకోవాలి. కోటును పెద్ద ప్లాస్టిక్ సంచిలో కట్టి వెనుకభాగంలో పెట్టాలి గానీ, మనం కూర్చునే క్యాబిన్‌లో కాదు. ఇంటికి తీసుకెళ్లి ఇంట్లో బట్టలతో కలిపి వాషింగ్ మెషీన్లో వేయడం అసలే వద్దు. నాన్న ఒంటి మీది పొగవాసన పిల్లలకు ముచ్చటగా ఉంటుంది, వారిని ఎత్తుకునే ముందు స్నానం చేయండి.

ఆరో మెట్టు: స్టేషన్‌లో ఉతకడం

పైపైన కడగడం ప్రతి కాల్‌కూ, పూర్తిగా ఉతకడం కనీసం ఏడాదికి రెండుసార్లు, రసాయనాలు, రక్తం, మురుగునీరు తగిలితే వెంటనే. లోపలిపొరను పైపొర నుంచి విడదీసి రెండింటినీ వేర్వేరుగా ఉతకాలి. జిప్పులు, కొక్కేలు, వెల్క్రోలు అన్నీ మూసి, లోపలివైపు బయటికి తిప్పాలి. నీటి వేడి 40 డిగ్రీలు దాటకూడదు. ఇక్కడే మన ప్రాంతపు చిక్కు ఒకటుంది. ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం మిద్దె మీది నల్ల సింటెక్స్ ట్యాంకు కుళాయి తిప్పితే వచ్చే నీళ్లు ఆ హద్దును సులువుగా దాటిపోతాయి. అందుకే ఉతుకుడు తెల్లవారుజామున పెట్టుకోవాలి, లేదా ముందురోజు రాత్రే నీళ్లు తొట్టిలో పట్టి ఉంచుకోవాలి.

సబ్బు తేలికైనది, క్షారం తక్కువగా ఉన్నది కావాలి. క్లోరిన్ బ్లీచింగ్ అరామిడ్ నూలును కొరికేస్తుంది కాబట్టి ఒక్క చుక్క కూడా పనికిరాదు. బట్టలు మెత్తబడేందుకు వేసే కంఫర్ట్ వంటి ద్రవాలు నూలు మీద పూతలా నిలిచిపోతాయి కాబట్టి అవీ వద్దు. అనంతపురం వైపు బోరు నీళ్ల కాఠిన్యానికి నురగ సరిగా రాదు. నురగ రాలేదని సబ్బు రెట్టింపు చేస్తే అది బట్టలోనే ఉండిపోతుంది, అందువల్ల మంచినీళ్లు దొరికితే వాటితో, లేకపోతే బోరు నీళ్లతోనే మరో రెండుసార్లు అదనంగా జాడించాలి. మెషీన్ ఉంటే ముందువైపు తలుపున్నదే వాడి, నెమ్మదిగా తిరిగేలా పెట్టండి. చేతితో అయితే తొట్టిలో నానబెట్టి మెత్తని బ్రష్‌తో రుద్దండి. చాకిరేవు బండ మీద బాదడం, మెలితిప్పి పిండడం వల్ల మధ్యపొర పటలం కంటికి కనబడకుండా చీలిపోతుంది.

ఏడో మెట్టు: ఆరబెట్టడం

మొదట చెప్పిన మిద్దె సంగతికి మళ్లీ వస్తున్నాను. సూర్యకాంతిలోని అతినీల లోహిత కిరణాలు అరామిడ్ నూలు బలాన్ని, ముఖ్యంగా కెవ్లార్ బలాన్ని తగ్గిస్తాయి. ఆ నష్టం వేడివల్ల కాదు, వెలుతురువల్ల. కాబట్టి కిటికీ అద్దం వెనుక, బండి ముందు అద్దం కింద గంటల తరబడి పడి ఉన్న కోటు కూడా మెల్లమెల్లగా బలహీనపడుతుంది. గాలి ఆడే నీడగదిలో, వెడల్పాటి హ్యాంగరుకు వేలాడదీసి, ఎదురుగా ఫ్యాను పెట్టండి. మన పొడి గాలికి పైపొర త్వరగానే ఆరుతుంది. దళసరిగా ఉన్న లోపలిపొరకు మాత్రం ఒక పూట పట్టవచ్చు. ఆరిందో లేదో పైన ముట్టుకుని తేల్చకూడదు, చంకలో, మోకాలి దళసరి అతుకు కింద చేయి పెట్టి చూడాలి. ఆ రెండు చోట్లే చివరిదాకా తడి దాక్కుంటుంది. బూట్లను తలకిందులుగా నిలపాలి. చేతి తొడుగుల్లో కర్రపుల్ల దూర్చి గాలి పోయేలా ఉంచాలి. రెండో జత లేని స్టేషన్లలో ఇది కష్టమే, కానీ వేరే షిఫ్టువారి ఆరిన కోటు కొలతకు సరిపోతే అది అడిగి వేసుకోవడం తడి కోటు కంటే మేలు.

ఎనిమిదో మెట్టు: చిరుగులు, పరీక్షలు

చిన్న చిరుగే కదా అని బజారులోని దర్జీ దగ్గరకు పంపకండి. ఆయన పనితనంలో లోపం లేదు, ఆయన మిషనులో ఉన్నది పాలియెస్టర్ దారం. మంటలో ఆ కుట్టు కరిగిపోయి అతుకు జేబులా తెరుచుకుంటుంది. అంతకన్నా ముఖ్యంగా, సూది మధ్యపొరను కూడా గుచ్చితే ఆ వరుస రంధ్రాల గుండా నీరు, ఆవిరి లోపలికి వస్తాయి. ఒకసారి మా దగ్గర మోకాలికి అలాంటి అతుకే ఎంతో అందంగా వేయించుకొచ్చిన ఒకాయన, లోపలిపొరను బయటికి తీసి టార్చి వెలుగు పట్టి చూస్తే నక్షత్రాల్లా చుక్కలు మెరవడం చూసి తెల్లబోయాడు. మరమ్మతు అరామిడ్ దారంతో, తయారీదారు గానీ వారు ఒప్పుకున్నవారు గానీ చేయవలసిన పని.

మధ్యపొరను మనమే పరీక్షించుకునే ఒక తేలిక పద్ధతి ఉంది. మధ్యపొరతో కలిసి ఉన్న లోపలిపొరను కోటు నుంచి విడదీసి, పటలం పైకి వచ్చేలా బకెట్ మీద గుంటలా పరిచి, ఆరు పాళ్ల నీటిలో ఒక పాలు సర్జికల్ స్పిరిట్ కలిపి ఒక కప్పు పోయండి. మూడు నిమిషాల తరువాత కింద తడి తగిలితే ఆ పొర పని అయిపోయింది. భుజాలు, మోకాళ్లు, పిరుదుల దగ్గర ఈ పరీక్ష చేయాలి. పైపొర బట్టను రెండు చేతులతో పట్టి లాగినప్పుడు చిరిగినా, బొగ్గులా పెళుసుగా తగిలినా ఇక దానికి మరమ్మతు లేదు.

తొమ్మిదో మెట్టు: ఇతర సహాయక పనులకు ఏ దుస్తులు

వరదకు ఫైర్ సూట్ వద్దు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచినప్పుడు, 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య డ్యామ్ తెగినప్పుడు ఈ జిల్లాలకు నీటి ప్రమాదమూ తెలిసివచ్చింది. గమ్‌బూట్లలో నీరు నిండితే కాలు ఎత్తలేరు, మూడు పొరల కోటు నీళ్లు పీల్చి కిందికి లాగుతుంది. ఒంటికి బిగుతుగా ఉన్న తేలిక దుస్తులు, నీరు కారిపోయే బూట్లు, కాళ్ల సందు పట్టీతో సహా బిగించిన లైఫ్ జాకెట్, తేలికపాటి హెల్మెట్ ఉండాలి. ప్రవాహంలో తాడును నడుముకు ముడివేసి కట్టుకోకూడదు.

నల్లమల, శేషాచలం అడవుల మంటలకు కూడా భవనాల కోటు బరువే. గంటల తరబడి కొండెక్కి దిగే పనికి ఒకే పొరలో మంటపట్టని బట్ట, అది లేకపోతే దళసరి నూలు పూర్తి చేతుల చొక్కా, ప్యాంటు, తోలు బూట్లు, కళ్లద్దాలు నయం.

44వ జాతీయ రహదారి మీద రాత్రి ప్రమాదాలకు వెళ్లేవారు మంట లేకపోయినా పూర్తి సూటు, దాని మీద మెరిసే జాకెట్ వేసుకోవాలి. కారిన ఇంధనం ఏ క్షణంలోనైనా అంటుకోవచ్చు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర బస్సు తగలబడిన తీరు చూసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. రేకు కోసేటప్పుడు హెల్మెట్ అద్దం ఒక్కటే చాలదు, కంటికి ఆనే గాగుల్స్ పెట్టుకోవాలి. క్షతగాత్రులను తాకేటప్పుడు తోలు తొడుగుల కింద నైట్రైల్ తొడుగులు వేసుకుంటే రక్తం చర్మానికి అంటదు. ఇంధనం పీల్చిన కోటును ఉతికే వరకు మంట దగ్గరికి తీసుకుపోకూడదు.

చివరి మెట్టు: పుస్తకం, పదవీ విరమణ

ప్రతి కోటుకూ ఒక నంబరు, ప్రతి నంబరుకూ నోటుపుస్తకంలో ఒక పేజీ పెట్టండి. తయారైన తేదీ, ఎవరికి ఇచ్చారు, ఎప్పుడు ఉతికారు, ఏ మంటలో వాడారు, ఏ మరమ్మతు జరిగింది అన్నవి ఒక్కొక్క వరుసలో రాస్తే చాలు. ఏదైనా జబ్బు బయటపడిన రోజున ఏయే పొగల్లో పనిచేశామో చూపడానికి కూడా ఆ పేజీయే సాక్ష్యం.

వాడినా వాడకపోయినా తయారైన తేదీ నుంచి 10 ఏళ్లు దాటిన సూటును మంటకు వాడకూడదని ఎన్‌ఎఫ్‌పీఏ నియమం. బీరువాలో సీలు విప్పకుండా ఉన్నదానికీ ఇదే వర్తిస్తుంది. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా జరిగే అగ్నిమాపక వారోత్సవాల్లో బడిపిల్లలకు చూపించడానికి ఒక పాత జతను శుభ్రంగా ఉతికి ఉంచుకోవచ్చు, కానీ వీపు మీద పెద్ద అక్షరాలతో ‘ప్రదర్శనకు మాత్రమే’ అని రాసిపెట్టండి. మిగిలినవాటిని పాత సామాన్ల వాడికి అలాగే ఇచ్చేస్తే అవి ఏ వెల్డింగ్ షాపులోనో, ఏ మిల్లు వాచ్‌మన్ ఒంటి మీదనో మళ్లీ కనబడతాయి. ఇచ్చే ముందు రెండు చేతులూ, వీపూ కత్తెరతో నిలువునా కోసి, లేబుల్ విప్పి పుస్తకంలో ఆ నంబరు పేజీకి అంటించి తేదీ వేయండి.